స్కీ రిసార్ట్‌లో కంపెనీ మీట్: మధ్యాహ్నం సెషన్లు ఎందుకు ఖాళీ అయ్యాయి (కేస్ స్టడీ)

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు, రిసార్ట్ పేరు, దేశం, ఏడాది ఇవేవీ రాయట్లేదు, కొన్ని వివరాలు కావాలనే అటూ ఇటూ మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నా, ఎందుకంటే ఈ కేసులో పనికొచ్చేది అదే. మంచు కొండల మీద గ్రూప్ ఈవెంట్ ప్లాన్ చేసేవాళ్లు చాలామంది సిటీ హోటల్ అజెండానే పట్టుకెళ్లి దాని మధ్యలో స్కీయింగ్ ఇరికిస్తారు, అక్కడే మొత్తం తేడా కొడుతుంది.

నేపథ్యం

రమారమి 90 మంది టీమ్. వేరే వేరే ఊళ్లలో ఆఫీసులు, చాలావరకు సముద్రానికి దగ్గర ఊళ్లే. ఏటా ఒకసారి అందరూ ఒకచోట కూర్చుని వచ్చే ఏడాది ప్లాన్ వేసుకుంటారు. ఒక ఏడాది మార్పు ఉంటుందని స్కీ రిసార్ట్‌కి వెళ్లారు, మూడు రాత్రులు. అది సరిగ్గా జరగలేదు. కానీ హోటల్‌తో రెండేళ్లకి కలిపి కాంట్రాక్ట్ రాసుకున్నారు, కాబట్టి రెండో ఏడాది కూడా అక్కడికే వెళ్లక తప్పదు. ఆ దశలో పని మా దగ్గరికి, అంటే ఈవెంట్ ప్లాన్ చేసే మా టీమ్ దగ్గరికి వచ్చింది.

రిసార్ట్ బేస్ సుమారు 2,800 మీటర్ల ఎత్తులో ఉంది, గొండోలా (తీగ మీద వేలాడుతూ కొండెక్కే క్యాబిన్) ఎక్కితే 3,400 దగ్గర ఇంకో లాడ్జ్. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా విషయాలు దీని చుట్టూనే తిరుగుతాయి. స్కీ రిసార్ట్ అనగానే అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయని అనుకుంటారు గానీ అలా ఉండదు. 1971 నుంచి వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ మీటింగులు జరుగుతున్న దావోస్ (స్విట్జర్లాండ్) 1,560 మీటర్లే. కెనడాలో విస్లర్ ఊరు 700 లోపే. అదే అమెరికాలో బ్రెకెన్‌రిడ్జ్ ఊరు 2,900కి పైన, మన గుల్‌మార్గ్ 2,650 దగ్గర. దావోస్‌లో బ్రహ్మాండంగా నడిచిన అజెండా బ్రెకెన్‌రిడ్జ్‌లో కూడా అలాగే నడుస్తుందని అనుకోవడానికి లేదు.

వాళ్లు చెప్పిన సమస్య

మొదటి కాల్‌లోనే వాళ్ల హెచ్ఆర్ హెడ్ ఒక్క ముక్కలో తేల్చేశారు, "మావాళ్లకి డిసిప్లిన్ లేదండీ, మంచు చూడగానే మీటింగ్ మర్చిపోయారు." మధ్యాహ్నం వర్క్‌షాప్‌లకి సగం మంది కూడా రాలేదట, మొదటి రోజు పొద్దున్న సీఈఓ మాట్లాడుతుంటే కొందరు తల పట్టుకుని కూర్చున్నారట, ముందురోజు రాత్రి వెల్‌కమ్ పార్టీలో ఎక్కువ తాగేశారని పైవాళ్ల అనుమానం. ఈసారి మా నుంచి వాళ్లకి కావాల్సినవి రెండు: ప్రతి సెషన్‌కి అటెండెన్స్, సెషన్ అయ్యాకే చేతికి లిఫ్ట్ పాస్, అంటే స్కీ చేయడానికి కొండ మీదకి తీసుకెళ్లే లిఫ్టుల టికెట్.

ఆ రెండింటికీ అప్పుడే ఒప్పుకోలేదు, వద్దని కూడా అనలేదు. పాత షెడ్యూల్, బస్సుల టైమింగులు, క్యాన్సిల్ అయిన వాటి బిల్లులు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు అన్నీ ఎడిట్ చేయకుండా పంపమన్నాం. క్లయింట్ చెప్పే సమస్య చాలాసార్లు నిజమే అయ్యుంటుంది, కానీ దానికి వాళ్లు చెప్పే కారణం మాత్రం కాగితాల్లో దొరికితేనే నమ్మాలి.

కాగితాలు చూస్తే వేరే కథ. "రాత్రంతా నిద్ర పట్టలేదు", "ఏం తిన్నా వికారం", "తల పగిలిపోయింది" అని రాసినవాళ్లలో అసలు మందు ముట్టనివాళ్లు కూడా ఉన్నారు. ఇది ఎత్తు చేసే పని. 2,800 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతం చిల్లరే ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే, కానీ ఒత్తిడి తగ్గేసరికి ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లేది తగ్గిపోతుంది. కింది నుంచి ఒక్క రోజులో 2,500 దాటి ఎక్కేస్తే, చేరిన 6 నుంచి 12 గంటల్లో కొందరికి తలనొప్పి, వికారం, నీరసం, కళ్లు తిరగడం మొదలవుతాయి, అంటే సాయంత్రం చేరినవాళ్లకి సరిగ్గా మర్నాడు పొద్దున్న కీనోట్ టైమ్‌కి. చూసేవాళ్లకి అచ్చం హ్యాంగోవర్‌లాగే ఉంటుంది. రోజూ జిమ్ చేసేవాళ్లకి రాదనీ లేదు, ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదు. పాపం ఆ కంపెనీలో కొంతమందికి ఏడాదిపాటు తాగుబోతుల కింద పేరు పడిపోయింది, ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

రెండోది, స్కీయింగ్ నుంచి మీటింగ్‌కి మారడానికి షెడ్యూల్‌లో ఇచ్చిన టైమ్ అరగంట. మూడోది, లిఫ్ట్ పాసులు అందరికీ కొన్నారు గానీ చాలా పాసులు ఒక్కసారి కూడా వాడలేదు, అంటే స్కీ చేయనివాళ్లు ఎంతమందో ఎవరూ అడగనే లేదు. నాలుగోది, పై లాడ్జ్‌లో డిన్నర్. గాలి ఎక్కువై గొండోలా ఆపేస్తే, అప్పటికే అందరూ తయారై కింద క్యూలో నిలబడి ఉన్నారు. డబ్బు పోయింది, ఆ రాత్రి ఎవరికి దొరికింది వాళ్లు తిన్నారు.

అటెండెన్స్ పెడితే ఈ నాలుగింటిలో ఏది తగ్గుతుంది? ఏదీ తగ్గదు. హెచ్ఆర్ హెడ్‌కి ఇదే మాట ఫీడ్‌బ్యాక్ ఫారాలు ముందు పెట్టి చెప్పాం. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు, సీజన్ మొదట్లో ఒక చిన్న టీమ్‌ని పంపుతున్నాం, వాళ్ల మీద చేసి చూపించండి అన్నారు. న్యాయమైన మాటే.

సైట్ విజిట్‌లో చూసింది

హాల్ కొలతలు, ప్రొజెక్టర్, ప్లగ్ పాయింట్లు అందరూ చూస్తారు, దాని గురించి రాసేదేమీ లేదు. మేం ఇంకొక పని చేశాం. స్కీయింగ్ రాని ఒక టీమ్ మెంబర్‌తో బూట్లు వేయించి రూమ్ నుంచి లిఫ్ట్ దాకా వాచ్ పట్టుకుని నడిపించాం.

స్కీ బూట్ అంటే గట్టి ప్లాస్టిక్ డొప్ప, చీలమండ కదలదు. చలి కదా అని రెండు జతల సాక్స్ వేసుకుంటారు, అప్పుడు కాలు లోపల ముడతలు పడి నొప్పి, మళ్లీ విప్పి ఒకే పల్చటి జత వేసుకోవాలి. బకుల్స్ బిగించేసరికి చెమట పడుతుంది. ఆ బూట్లతో హోటల్ మెట్లు దిగడమే ఒక యుద్ధం. భుజం మీద స్కీలు, చేతిలో పోల్స్. లిఫ్ట్ గేట్ దగ్గర పాస్ జేబులో ఉంటే గేట్ దానంతటదే చదువుతుంది, కానీ అదే జేబులో ఫోన్ కూడా ఉంటే ఒక్కోసారి చదవదు, అప్పుడు గ్లవ్స్ తీసి జేబులన్నీ వెతకాలి, వెనక క్యూ ఆగిపోతుంది. రూమ్ తలుపు వేసినప్పటి నుంచి లిఫ్ట్ మీద కూర్చునేదాకా 50 నిమిషాలు దాటింది, అదీ రెంటల్ పని, అంటే స్కీలు, బూట్లు అద్దెకి తీసుకోవడం, ముందే అయిపోయి ఉంటే. తిరిగొచ్చి తడి బట్టలు మార్చుకుని, స్నానం చేసి, ఏదో తిని మీటింగ్‌లో కూర్చోవడానికి గంటన్నర. పాత షెడ్యూల్ ఇచ్చింది అరగంట! వాళ్లు సెషన్ ఎగ్గొట్టలేదు, రాలేకపోయారు.

ట్రై చేసినవి, పనిచేయనివి

మొదటి ఆలోచన, పొద్దున్న స్కీయింగ్, మధ్యాహ్నం 2 నుంచి మీటింగ్. దీని వెనక లాజిక్ ఉంది. పొద్దున్నే మంచు రాత్రి చదును చేసినట్టే ఉంటుంది, కొత్తవాళ్ల గ్రూప్ క్లాసులు కూడా ఎక్కువ స్కీ స్కూళ్లలో ఉదయమే మొదలవుతాయి. ట్రయల్ టీమ్ మీద పెడితే రెండింటికి హాల్లోకి వచ్చినవాళ్లు బాగానే వచ్చారు, కానీ మూడింటికల్లా కళ్లు మూతలు పడుతున్నాయి. ఎత్తు, చలి, ఎక్కడా అలవాటు లేని కండరాల పని, అంతా అయ్యాక వెచ్చటి గది, మెత్తటి కుర్చీ, ఎవరికైనా నిద్ర రాకుండా ఉంటుందా. మనుషులు హాజరు, మెదళ్లు గైర్హాజరు.

రెండో ఆలోచన క్లయింట్‌ది, రెండు రోజులు పూర్తిగా మీటింగ్ పెట్టేసి చివరి రోజంతా స్కీయింగ్. వినడానికి నీట్‌గా ఉంటుంది. దీన్ని ట్రయల్ దాకా కూడా వెళ్లనివ్వలేదు, ఎందుకంటే చివరి రోజు గాలి వీచినా, మంచు తుఫాను వచ్చినా మార్చుకోవడానికి ఇంకో రోజు మిగలదు. పైగా దెబ్బ తగిలేది చివరి రోజైతే ఆ మనిషి అదే రోజు బస్సు, ఫ్లైట్ ఎక్కాలి. కొండ మీద వాతావరణం పాడైతే మార్చుకోవడానికి ఒక రోజు జేబులో ఉండాల్సిందే.

ఎత్తుకి మందుగా రిసెప్షన్‌లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు తలా ఒకటి కొందామని ఎవరో అన్నారు. వద్దన్నాం. పీల్చినంతసేపే దాని పని, ఒంటికి అలవాటు అవ్వదు. అంతకంటే పెద్ద భయం, డబ్బా చేతిలో ఉందన్న ధైర్యంతో నిజంగా బాగోలేనివాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా, కిందికి దిగకుండా రూమ్‌లోనే ఉండిపోతారు.

పనిచేసింది

మీటింగ్‌ని పొద్దున్నకి తెచ్చాం, 7:30 నుంచి 10:15 దాకా, బ్రేక్ ఒక్కటే. టైమ్ చూసి అందరూ మొహాలు ముడిచారు గానీ ఎత్తులో ఎలాగూ చాలామంది తెల్లారకముందే లేచేస్తారు. బుర్ర పెట్టాల్సిన పనులు, డబ్బు నిర్ణయాలు అన్నీ ఇందులోనే. తర్వాత 11:30కి స్కీ చేసేవాళ్లు లిఫ్ట్ మీద ఉంటారు, లిఫ్టులు 4కి ఆగిపోతాయి. కొత్తవాళ్లకి ఉదయం పబ్లిక్ క్లాస్ కుదరదు కాబట్టి స్కీ స్కూల్‌తో మాట్లాడి 12:30కి మా గ్రూప్‌కే విడిగా క్లాస్ పెట్టించాం, ఉదయం రష్ అయిపోయాక ఇన్‌స్ట్రక్టర్లు దొరకడం కూడా తేలికైంది. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఆరుగురికి మించి ఇవ్వొద్దన్నాం. సాయంత్రం 5:30 నుంచి గంట మాత్రం చిన్న చిన్న గుంపులుగా మాటలు, స్లైడ్లు లేవు. మంచి మంచు మిస్సయిందని బాగా స్కీయింగ్ వచ్చినవాళ్లు కంప్లైంట్ చేశారు, అది నిజమే, అందుకే రెండో రోజుని మీటింగ్ లేని పూర్తి స్కీ డేగా పెట్టాం.

ఆ రెండో రోజు, మూడో రోజు ఒకదానితో ఒకటి మార్చుకునేలా ప్లాన్ చేశాం. వినడానికి చిన్న విషయం, కాంట్రాక్ట్‌లో మాత్రం చాలా పెద్దది. హాల్ రెండు రోజులూ 24 గంటలు మా పేరు మీదే ఉండాలి, లేకపోతే రాత్రికి ఇంకెవరికో ఇచ్చేస్తారు. బస్సులు, స్కీ స్కూల్, లంచ్ అన్నీ ముందురోజు సాయంత్రం 6కల్లా చెబితే పెనాల్టీ లేకుండా మారాలి. ఇవన్నీ సంతకం ముందు అడిగితేనే దొరుకుతాయి, పాత కాంట్రాక్ట్ నడుస్తోంది కాబట్టి మాకు బేరానికి మిగిలింది ఒకే ఒక్క మార్గం, తేదీలు. వారాంతం వదిలేసి ఆదివారం చేరి బుధవారం వెళ్లిపోతాం అన్నాం. వారాంతపు గదులు వాళ్లకి తిరిగొచ్చాయి, మాకు ఈ వెసులుబాట్లు వచ్చాయి, లిఫ్టుల దగ్గర క్యూలు కూడా తగ్గాయి. అట్రిషన్ క్లాజ్ కూడా అప్పుడే మార్పించాం, అంటే బుక్ చేసిన గదుల్లో ఎంత శాతానికి తగ్గితే డబ్బు కట్టాలి అనేది, ఎత్తు వల్ల డాక్టర్ వద్దన్నవాళ్ల గదులు ఆ లెక్కలోంచి తీసేశారు.

ఎత్తు సంగతికి వస్తే, దీనికి అన్నిటికంటే మంచి జాగ్రత్త మెల్లగా ఎక్కడమే. దారిలో 1,500 మీటర్ల దగ్గర ఒక ఊరుంది, ఇంతకుముందు ఇబ్బంది పడినవాళ్లకి, ఇష్టమైనవాళ్లకి ఒక రాత్రి అక్కడ ఆపాం. అందరినీ ఆపాలని ఉంది గానీ బడ్జెట్ ఒప్పుకోలేదు. మిగతావాళ్లకి మొదటి సాయంత్రం పార్టీ తీసేశాం, మందు లేదు, స్కీయింగ్ లేదు, గొండోలా ఎక్కడం లేదు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు, గర్భవతులు ముందే వాళ్ల డాక్టర్‌ని అడగమని ఆరు వారాల ముందు నోట్ పంపాం. ఎత్తు ఇబ్బందికి ఎసిటజోలమైడ్ లాంటి మాత్రలు ఉన్నాయి గానీ అవి వాడాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి, ఈవెంట్ వాళ్లం కాదు. మా టీమ్‌కి ఒక్కటే రూల్: ఎవరైనా తడబడుతూ నడిచినా, మాట తేడాగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా "కాసేపు రెస్ట్ తీసుకోండి" అనకూడదు, వెంటనే క్లినిక్, కిందికి దిగడానికి బండి రెడీ. అందుకే రాత్రంతా ఒక బండి, డ్రైవర్ అక్కడే ఉన్నారు.

డిన్నర్ గురించి చాలా వాదన జరిగింది. పైన రాత్రి డిన్నర్ అంటే ఫోటోలు బాగుంటాయి, ఎవరికైనా మనసు లాగుతుంది. మేం అడిగిన ప్రశ్న, పైకి వెళ్లడం సరే, గాలి 9 గంటలకి లేస్తే 90 మంది కిందికి ఎలా వస్తారు? గొండోలా ఆగితే మంచు మీద నడిచే స్నోక్యాట్ బండ్లే గతి, ఒక్కో ట్రిప్పులో కొద్దిమందే పడతారు, ఆఖరి మనిషి దిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది. దానికి తోడు ఆ లాడ్జ్ బేస్ కంటే 600 మీటర్లు పైన, అంటే చలి మామూలుగానే ఇంకో నాలుగు డిగ్రీలు ఎక్కువ. కాబట్టి డిన్నర్‌ని లంచ్ చేశాం. పగలు లిఫ్టులు ఎలాగూ తిరుగుతుంటాయి, సిబ్బంది ఉంటారు, స్కీ చేసేవాళ్లు, చేయనివాళ్లు రోజు మొత్తంలో ఒకేచోట కలిసేది కూడా అప్పుడే. గొండోలా ఆగితే అదే డబ్బు బేస్‌లోని రెస్టారెంట్‌కి మారాలని రాయించాం, నిర్ణయం ఉదయం 9కి, చెప్పేది మా వైపు ఒక్క మనిషే. ఆ ఏడాది నిజంగానే స్కీ డే ముందురోజు సాయంత్రం గాలి హెచ్చరిక వచ్చింది, 6కి ముందే రోజులు మార్చేశాం, చాలామందికి ఆ మార్పు మర్నాడు టిఫిన్ దగ్గర బోర్డ్ చూశాకే తెలిసింది.

స్కీ చేయనివాళ్ల లెక్క కోసం ఫారంలో "మీకు స్కీయింగ్ వచ్చా" అని అడగడం మానేసి "ఆ మధ్యాహ్నం ఏం చేయాలనుంది" అని అడిగాం. స్నోషూ నడక (మంచులో కూరుకుపోకుండా వెడల్పు చెప్పులు కట్టుకుని నడవడం), ట్యూబింగ్ (గాలి ట్యూబ్ మీద కూర్చుని మంచు మీద జారడం), గొండోలా ఎక్కి చూడటం, ఖాళీగా కూర్చోవడం, అన్నీ సమానంగా ఒకే వరసలో. సగానికి దగ్గరగా స్కీయింగ్ కానిది ఎంచుకున్నారు. లిఫ్ట్ పాసుల మీద మిగిలిన డబ్బుతోనే 1,500 మీటర్ల దగ్గర ఆ అదనపు రాత్రి ఖర్చు చాలావరకు వచ్చేసింది. సన్‌స్క్రీన్, కళ్లద్దాల సంగతి మాత్రం వీళ్లకే ఎక్కువ చెప్పాల్సి వచ్చింది, ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకి యూవీ 10 శాతం చొప్పున పెరుగుతుంది, తాజా మంచు ఆ ఎండలో 80 శాతం దాకా తిరిగి మొహం మీదకే కొడుతుంది. మేం స్కీ చేయట్లేదు కదా అని వీళ్లు ఏమీ తెచ్చుకోరు.

రెంటల్ ఫారం

నా లెక్కలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, అందుకే విడిగా రాస్తున్నా. ముందు ఏడాది ఒకరికి మోకాలు లిగమెంట్ దెబ్బతింది. ఎందుకో ఖాయంగా చెప్పలేం, పడటానికి వంద కారణాలుంటాయి. కానీ రెంటల్ వివరాలు ఎలా తీసుకున్నారో చూస్తే భయమేసింది, టీమ్ అంతా చూసే షేర్డ్ షీట్‌లో పేరు, ఎత్తు, బరువు, వయసు, స్కీయింగ్ ఎంత వచ్చు అని కాలమ్స్.

బూట్‌ని స్కీకి పట్టి ఉంచేది బైండింగ్, మనిషి పడినప్పుడు అది బూట్‌ని వదిలేయాలి. ఎంత బలానికి వదలాలి అన్న సెట్టింగ్‌ని టెక్నీషియన్ బరువు, ఎత్తు, వయసు, బూట్ సోల్ పొడవు, ఇంకా స్కీయర్ టైప్ చూసి పెడతాడు. ఈ టైప్ అనేది మనం చెప్పుకునేదే, జాగ్రత్తగా మెల్లగా వెళ్లేవాళ్లు 1, వేగంగా దూకుడుగా వెళ్లేవాళ్లు 3. ఇప్పుడు బాస్, జూనియర్లు, కొత్తగా చేరినవాళ్లు అందరూ చూసే షీట్‌లో ఎవరైనా నిజం రాస్తారా? బరువు ఐదారు కిలోలు తగ్గించి రాస్తారు, స్కిల్ ఒక మెట్టు పెంచి రాస్తారు. బరువు తగ్గిస్తే అవసరం లేనప్పుడు స్కీ ఊడిపోతుంది, టైప్ పెంచితే ఊడాల్సినప్పుడు ఊడదు, ఆ బలమంతా మోకాలు మీదకి వస్తుంది.

కాబట్టి షీట్ ఎత్తేశాం. ఒక్కొక్కరికి విడిగా లింక్, అది నేరుగా రెంటల్ షాప్‌కే వెళ్తుంది, కంపెనీకీ మాకూ కనపడదు. పైన రెండు లైన్లు రాశాం, ఈ అంకెలు మీ మోకాలి కోసం, ఇంకెవరూ చూడరు అని. ఫిట్టింగ్ మొదటి సాయంత్రం, ఆ పార్టీ తీసేసిన టైమ్‌లో, ఇరవై ఇరవై మందిగా. షాప్‌లో తూకం మెషీన్ తెర వెనక పెట్టించాం. చాలామంది అక్కడ నిలబడి ఫారంలో రాసిన అంకె మార్పించుకున్నారని షాప్ అతను తర్వాత చెప్పాడు, విడిగా అడిగినా కూడా.

ఇంకా తేలనివి

మధ్యాహ్నం సెషన్ అనేదే లేదు కాబట్టి ఖాళీ అవ్వడం కూడా లేదు, ఉదయం హాల్ నిండింది, అటెండెన్స్ తీయలేదు. తలనొప్పులు తగ్గాయి గానీ పోలేదు, ఒకరిని రాత్రే కిందికి దించాల్సి వచ్చింది, మర్నాటికి కోలుకున్నారు.

కుదరనిది ఒకటుంది. స్కీయింగ్‌లో మనుషుల్ని లెవెల్‌ని బట్టే విడగొట్టాలి, సేఫ్టీ పరంగా వేరే దారి లేదు. కానీ వాళ్లు వచ్చిందే వేరే వేరే డిపార్ట్‌మెంట్లు కలవాలని. బాగా వచ్చినవాళ్లంతా ఒక ఆఫీస్ వాళ్లే అయ్యారు, బిగినర్ గ్రూపులన్నీ ఇంకో ఆఫీస్ వాళ్లతో నిండిపోయాయి. లంచ్ టేబుళ్లు కలిపి వేయడం తప్ప మేం చేయగలిగింది పెద్దగా లేదు.

ఇప్పుడు కాంట్రాక్ట్ అయిపోయింది, వచ్చేసారి ఎక్కడ అని అడుగుతున్నారు. నా ఓటు 1,500 మీటర్ల లోపు ఊరికే, నిద్ర బాగుంటుంది, మొదటి రోజు వృథా అవ్వదు. దానికీ ఒక చిక్కుంది, తక్కువ ఎత్తులో మంచు బదులు వాన పడే రోజులు ఉంటాయి, మార్చికి వెళ్తే మరీను. అందుకే పడుకోవడం కింద, స్కీయింగ్ పైన ఉండేలా, ఊరి నుంచే పెద్ద గొండోలా ఉన్న రిసార్ట్‌లు మూడు తీసి పెట్టాను, మూడింటి కాంట్రాక్ట్‌ల్లోనూ మొదట చదువుతున్నది హాల్ రేటు కాదు, గాలికి లిఫ్ట్ ఆగితే ఎవరి డబ్బు పోతుంది అన్న పేరా.